బొమ్మ రైలింజనుకు ఉన్నది, ఇంట్లో ఫ్యానుకు లేనిది

జర్మనీలో తయారైన బొమ్మ రైలింజను మొరాయిస్తే హన్మకొండ సుబేదారిలో కూర్చుని నేను బాగుచేయగలుగుతున్నాను. హన్మకొండ చౌరస్తాలో కొన్న సీలింగ్ ఫ్యాను తిరగకపోతే మాత్రం చాలాసార్లు చేతులెత్తేయాల్సి వస్తోంది. రెండింటిలోనూ ఉన్నది చిన్న ఎలక్ట్రానిక్ బోర్డే. రెండు బోర్డులూ తిప్పేది ఒక మోటారునే. కాకపోతే మొదటిదాని గుట్టు లోకమంతటికీ తెలుసు, రెండోదాని గుట్టు కంపెనీ అల్మారాలో ఉంది. ప్రభుత్వం తలుచుకుంటే ఆ అల్మారా తెరిపించడం పెద్ద పనేం కాదని నా నమ్మకం.

ముందు నా సంగతి. ఎనభైల్లో రేడియోలు, బ్లాక్ అండ్ వైట్ టీవీలతో మొదలైన రిపేరు షాపు నాది. ఇప్పుడు వచ్చేవి మిక్సీలు, ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, రిమోట్ ఫ్యాన్లు. బొమ్మ రైళ్లు నాకు కూడు పెట్టే పని కాదు. విదేశాల్లో ఉద్యోగం చేసి తిరిగొచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నవి కొన్ని, కాజీపేటలో రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు తెప్పించుకున్నవి కొన్ని, అప్పుడప్పుడు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఎక్కువగా 'హెచ్‌ఓ' సైజువి. అంటే అసలు ఇంజనులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కాబట్టి వీటిని ఎవరూ అంత తేలిగ్గా పారేయరు, బాగవుతుందేమోనని తిరుగుతారు.

ఆ మధ్య నయీంనగర్ నుంచి తండ్రీకొడుకులు ఒక ఇంజను పట్టుకొచ్చారు. "హారన్ కొడుతది అంకుల్, లైట్ వెలుగుతది, కదల్తలేదు" అన్నాడు పిల్లవాడు. "డీకోడర్ పోయిందంటున్నరన్నా. కొత్తది తెప్పియ్యాల్నంటే పదివేల దాంక అయితదట" అన్నాడు తండ్రి.

డీకోడర్ అంటే ఆ ఇంజను కడుపులో ఉండే బోర్డు. పాతకాలపు బొమ్మ రైలుకు ఇది లేదు. పట్టాల్లో వోల్టేజి పెంచితే వేగం పెరిగేది, ప్లస్సు మైనస్సు తారుమారు చేస్తే వెనక్కి నడిచేది. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదిలేవి. ఇప్పటి పద్ధతి పేరు డీసీసీ. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి, సుమారు 14, 15 వోల్టులు ఉంటుంది. కాకపోతే అది సెకనుకు వేలసార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది. ఒక్కో దిశలో 58 మైక్రోసెకన్లు నిలిస్తే ఒకటి, 100 మైక్రోసెకన్లు గానీ అంతకు మించి గానీ నిలిస్తే సున్నా. ఈ ఒకట్లు, సున్నాల వరసలోనే ఏ నంబరు ఇంజను ఏం చేయాలో రాసి ఉంటుంది. బడిలో సారు హాజరు పిలిచినట్టే. మాట అందరికీ వినపడుతుంది, తన నంబరు వచ్చిన ఇంజనే పలుకుతుంది. ప్రతి ఆదేశం చివర సరిచూసుకునే ఒక సంఖ్య కూడా వస్తుంది. లెక్క కుదరకపోతే డీకోడర్ ఆ ఆదేశాన్ని పక్కన పడేస్తుంది.

ఇంతవరకు తెలిస్తే రిపేరులో సగం దారి వచ్చినట్టే. ఇంజనుకు కరెంటు అందుతోందా, ఆదేశం అందుతోందా, మోటారు బాగుందా అనే మూడు ప్రశ్నలే మిగులుతాయి.

మొదటిదానికి మీటరుకంటే ముందు తెల్ల గుడ్డ కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డ మీద చక్రాలు ఆనించి తిప్పితే నల్లటి మసి చార వస్తుంది. ఆగి ఆగి నడిచే ఇంజన్లలో చాలావాటికి జబ్బు ఈ మసే. తర్వాత పట్టాల కొసన ఒక రూపాయి బిళ్ళ అడ్డంగా పెడతాను. వెంటనే కంట్రోలర్ ట్రిప్ అయి సప్లై ఆగిపోవాలి. ఆగలేదంటే వైర్లు సన్నగా ఉన్నట్టు, జాయింట్లు వదులైనట్టు. అలాంటి పట్టాల మీద ఇంజను పక్కకు ఒరిగి షార్టయితే డీకోడర్ కాలిపోవచ్చు. అయినా ఈ పిల్లవాడి ఇంజనులో లైటు మిణుకు లేకుండా వెలుగుతోంది, హారన్ నొక్కగానే మోగుతోంది. అంటే కరెంటు అందుతోంది, ఆదేశమూ అందుతోంది.

ఇక మిగిలింది మోటారు. దానికి ఇంజను విప్పక్కర్లేదు. డీకోడర్‌లో సీవీలని పిలిచే నంబరు గదులుంటాయి, సెట్టింగులన్నీ వాటిలోనే ఉంటాయి. ఇంజనును విడిగా ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి, ఫలానా గదిలో ఏముందని అడిగితే అది జవాబు చెబుతుంది. దానికి నోరు లేదు కాబట్టి మోటారునే వాడుకుంటుంది. కనీసం 60 మిల్లీయాంపుల కరెంటును 6 మిల్లీసెకన్ల పాటు అదనంగా లాగితే, కంట్రోలర్ ఆ పెరుగుదలను గమనించి జవాబు వచ్చిందని గుర్తిస్తుంది. ఆ క్షణంలో వేలు ఆనిస్తే ఇంజను సన్నగా వణికినట్టు తెలుస్తుంది. ఈ ఇంజనూ వణికింది. మోటారు బతికే ఉంది, దాన్ని నడిపే సర్క్యూటూ బతికే ఉంది. పోయిందనుకున్న డీకోడర్ నిక్షేపంలా ఉంది. తప్పు సెట్టింగుల్లోనే ఉండాలి.

ఒకటో గదిలో ఇంజను నంబరు ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది 3. ఇక్కడా అదే ఉంది. తర్వాత 19వ గది అడిగాను, 5 అని వచ్చింది. రెండు ఇంజన్లను జతకట్టి ఒకే బండిని లాగించాలనుకుంటే జట్టు నంబరు రాసేది ఈ గదిలోనే. ఇందులో నంబరు ఉన్నంతకాలం ఇంజను వేగం విషయంలో సొంత నంబరును ఖాతరు చేయదు, జట్టు నంబరుకే కదులుతుంది. లైటు, హారన్ మాత్రం సొంత నంబరుకు పలుకుతూనే ఉంటాయి. "రెండు ఇంజన్లు ఎప్పుడైనా కలిపినవా బిడ్డా?" అని అడిగితే, "కాజీపేటల గూడ్సుకు రెండు ఇంజన్లుంటయి గద అంకుల్, అట్ల పెట్టిన" అన్నాడు. 19వ గదిలో సున్నా రాశాను. ఇంజను నడిచింది. పదివేల రిపేరు ఒక్క అంకెతో తీరింది.

అన్నీ ఇంత సులువుగా తేలవు. పాత డీసీ ఇంజనులో కొత్త డీకోడర్ బిగించేటప్పుడు మోటారు బ్రష్షు ఒకటి లోహపు ఛాసిస్‌కు తగులుతూ ఉండిపోతే, కరెంటు ఇచ్చిన క్షణంలోనే బోర్డు కాలుతుంది. కాలిన వాసన వచ్చాక చేసేదేం లేదు, బోర్డు మార్చాల్సిందే. కానీ మార్చేటప్పుడు కూడా నాకు బెంగ ఉండదు. ఏ దేశపు డీకోడరైనా వైర్ల రంగులు ఒకటే. ఎరుపు, నలుపు పట్టాల నుంచి వస్తాయి. ఆరెంజ్, గ్రే మోటారుకు వెళ్తాయి. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం అన్నింటికీ కామన్ ప్లస్సు. ఎనిమిది పిన్నుల ప్లగ్గుకు కొలతలు కూడా ముందే ఖరారయ్యాయి. ఒక కంపెనీ ఇంజనులో ఇంకో కంపెనీ బోర్డు పెట్టి, మూడో కంపెనీ కంట్రోలర్‌తో నడపవచ్చు.

ఇది దానంతటదే వచ్చిన సౌకర్యం కాదు. ఈ పద్ధతిని మొదట తయారుచేసింది జర్మనీకి చెందిన లెంజ్ ఎలక్ట్రానిక్ అనే కంపెనీ. 1935లో పుట్టిన అమెరికా బొమ్మ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ, కంపెనీకొక పద్ధతి ఉంటే కొనేవాడు చిక్కుల్లో పడతాడని 1990ల దశకంలో ఆ పద్ధతినే ఆధారం చేసుకుని ప్రమాణాలు రాసింది. అందరూ చదివేలా బయట పెట్టింది. 58 మైక్రోసెకన్ల లెక్క సుబేదారి దాకా వచ్చింది అలాగే. దీనివల్ల కంపెనీలు మూతపడలేదు. లెంజ్, ఈఎస్‌యూ, జిమో, డిజిట్రాక్స్ ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుంటూనే ఉన్నారు. పోటీ అంతా ఎవరి బోర్డు మోటారును మెత్తగా నడుపుతుంది, ఎవరి సౌండు అసలు ఇంజనులా ఉంటుంది అన్నదాంట్లో. ప్లగ్గులో పోటీ లేదు.

ఈ బొమ్మ రైళ్లవాళ్లు కోర్టు దాకా కూడా వెళ్లారు. డీకోడర్ల సెట్టింగులు మార్చడానికి జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేరును కొందరు కలిసి రాసి, ఎవరైనా వాడుకోవచ్చని, రాసినవాళ్ల పేర్లు తీసేయకూడదని షరతు పెట్టారు. ఒక వ్యాపారి ఆ షరతును పక్కనపెట్టి అందులోని ఫైళ్లను తన సరుకులో వాడుకున్నాడు. జాకబ్సన్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ దావా వేశారు. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఉచితంగా ఇచ్చినంత మాత్రాన లైసెన్సు షరతులు గాలికి పోవని, వాటిని మీరితే కాపీరైట్ ఉల్లంఘనే కావచ్చని చెప్పింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుతో బతికే మన ఐటీ పిల్లల్లో ఎంతమందికి ఈ తీర్పు బొమ్మ రైళ్ల పుణ్యమని తెలుసో మరి!

ఇప్పుడు ఫ్యాను దగ్గరికి వద్దాం. పాత సీలింగ్ ఫ్యాను 70, 75 వాట్లు తాగేది. బ్రష్షుల్లేని డీసీ మోటారుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ తిరుగుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశాక ఇవి ఊరూరా వచ్చేశాయి. మంచిదే, కరెంటు మిగులుతుంది. పాత ఫ్యానులో పోయేవి కండెన్సర్, బేరింగ్, వైండింగ్. ఈ మూడింటికీ వరంగల్‌లో ఏ గల్లీకి పోయినా మనిషి దొరుకుతాడు. కొత్త ఫ్యానులో 230 వోల్టుల ఏసీని సుమారు 320 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని మూడు ఫేజులుగా తరిగి మోటారుకు పంపే బోర్డు ఉంటుంది. పోయేది ఎక్కువగా అదే.

విప్పి చూస్తే, బోర్డు మీద నల్లటి రెసిన్ పోసి ఉంటుంది. రెసిన్ లేని చోట ఐసీ మీది నంబరు అరగదీసి ఉంటుంది. ఎర్ర లైటు మూడుసార్లు మిణుక్కుమని ఆగి, మళ్లీ మూడుసార్లు మిణుక్కుమంటుంది. బోర్డు తన బాధ చెబుతోంది పాపం, మూడు మిణుకులకు ఏ బాధో కంపెనీకి ఒక్కదానికే తెలుసు. పోయిన ఎండాకాలం అదాలత్ వైపు నుంచి ఒక పెద్దమ్మ అలాంటి ఫ్యానే తెచ్చింది. కొని మూడేళ్లు కాలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆపేశామని, బోర్డు విడిగా అమ్మమని, కొత్త ఫ్యాను మీద డిస్కౌంటు ఇస్తామని చెప్పారు. మోటారు బాగుంది, రెక్కలు బాగున్నాయి, బేరింగు చప్పుడు లేదు. అరచేతిలో సగమంత బోర్డు కోసం ఫ్యాను మొత్తం తుక్కు కిందికి పోయింది.

నా షాపులో సాయంత్రాలు వచ్చి కూర్చునే రిటైర్డ్ లోకో పైలట్ ఒకాయన ఆ ఫ్యాను చూసి అన్నమాట ఇది: "మాకు టీఎస్‌డీ అని పుస్తకం ఉంటుండె. డీజే ట్రిప్ అయిందంటే ఏ రిలే టార్గెట్ పడ్డదో చూసుడు, పుస్తకంల ఉన్నట్టు చేసుడు, బండి తీసుడు. ఐదువేల హార్స్‌పవర్ ఇంజనుకే పుస్తకమున్నది, నీ ఫ్యానుకు లేదా?" టీఎస్‌డీ అంటే ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ. డీజే అంటే పైన 25 వేల వోల్టుల తీగ నుంచి వచ్చే కరెంటును తెంపే మెయిన్ బ్రేకర్. నడి అడవిలో గూడ్సు ఆగితే డ్రైవరు షెడ్డుకు ఫోన్ చేసి ఇంజను మార్చమని కూర్చోకుండా, ఏం చెడిందో తానే పట్టుకుని లైను ఖాళీ చేయాలని రైల్వే వాళ్లు ఆ పుస్తకం చేతికిచ్చారు. పెద్దాయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది నా దగ్గర కాదు కూడా.

కంపెనీల వాదన నాకు తెలుసు. లోపల 320 వోల్టులుంటాయి, తెలియనివాడు చెయ్యి పెడితే ప్రాణం మీదికొస్తుంది అంటారు. నిజమే. కానీ కంపెనీ చెప్పనంత మాత్రాన మెకానిక్ విప్పకుండా ఉంటాడా? ఇంటి మీద ఎండ మండుతుంటే, పసిపిల్ల ఉక్కకు ఏడుస్తుంటే, విప్పుతాడు. ఏ కెపాసిటర్‌లో కరెంటు ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడ మీటరు పెట్టాలో తెలియకుండా విప్పుతాడు. దాచిపెట్టడం వల్ల ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. ఇక మా డిజైన్ దొంగిలిస్తారంటారు. సాఫ్ట్‌వేర్ ఎవరడిగారు? కనెక్టర్‌లో ఏ పిన్ను దేనిదో, ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో, ఎన్ని మిణుకులకు ఏ జబ్బో చెప్పమనే మేం అడిగేది. అంతకంటే ఎక్కువే చెప్పిన డీకోడర్ కంపెనీలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

మన ప్రభుత్వానికి ఈ విషయం తెలియక కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్ 24న వెబ్‌సైటు తెరిచారు. ఏ వస్తువును ఎంత సులువుగా బాగుచేయవచ్చో చెప్పే సూచిక మీద మరో కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అయితే చూపు ఎక్కువగా ఫోన్లు, ట్యాబ్లెట్ల మీదే. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచే వాషింగ్ మెషిన్లు, టీవీలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, గడ్డి కోసే యంత్రాల మీద పదికి ఇన్ని మార్కులని రాసి అమ్మడం మొదలుపెట్టారు. విడిభాగాల ధర కూడా ఆ మార్కుల్లో లెక్కకొచ్చింది.

పారేయడానికి మాత్రం మనకు చట్టం గట్టిగానే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ఫ్రిజ్జులు, టీవీలే కాదు, ఎలక్ట్రిక్ బొమ్మ రైళ్లూ ఉన్నాయి. వస్తువు చచ్చాక ఎవరు మోయాలో ఇంత వివరంగా రాసుకున్నవాళ్లం, అది చావకుండా ఏం చేయాలో కూడా రాసుకోవాలి కదా.

చదువుల సంగతీ ఒక మాట. నా దగ్గరికి ప్రాజెక్టుల కోసం పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు వస్తుంటారు. చురుకైనవాళ్లు. ఆర్డినో బోర్డుకు ప్రోగ్రామ్ చకచకా రాసేస్తారు. పాడైన బోర్డు చేతిలో పెట్టి మీటరు ఇస్తే మాత్రం ఎక్కడ ఆనించాలో తోచక నిలబడతారు. వాళ్ల తప్పు కాదు, ల్యాబుల్లో వాళ్లకిచ్చేవన్నీ బాగున్న బోర్డులే. కావాలని చెడగొట్టిన బోర్డు ఇచ్చి, జబ్బేమిటో, దాన్ని ఏ వరసలో పట్టుకున్నావో రాయమని అడిగే పరీక్ష ఒకటి ఉండాలి. దానికి బొమ్మ రైలుకంటే మంచి సాధనం నాకు తెలియదు. వోల్టేజి తక్కువ కాబట్టి షాక్ కొట్టదు, ప్రమాణాలన్నీ బయటే ఉన్నాయి, ఆర్డినో మీదే నడిచే డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత కంట్రోలర్ ఉంది. గుండ్రంగా నాలుగు పట్టాలు పరిచి, ఒక వైరు తెంపి, ఒక సీవీ మార్చి పెడితే చాలు. పక్కన కాజీపేటలో లోకో షెడ్లు పెట్టుకుని వరంగల్ పిల్లలు ఇంజను జబ్బు పట్టడం నేర్వకపోవడం నాకు మింగుడుపడదు.

చట్టం ఎప్పుడొస్తుందో, అందులో ఫ్యాన్ల వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. కానీ దానికోసం ఆగక్కర్లేదు. ఈ రాష్ట్రంలో ఫ్యాన్లు మూకుమ్మడిగా కొనేది సర్కారే. బడులు, హాస్టళ్లు, ఆస్పత్రులు, మా సుబేదారిలోని కలెక్టరేటు లాంటి ఆఫీసులు. కొనే టెండరులో మూడు షరతులు పెట్టాలి. ఒకటి, కంట్రోల్ బోర్డు విడిగా, ధర ముందే ప్రకటించి, కనీసం ఏడేళ్లు అమ్మాలి. రెండు, పిన్నుల వివరం, వోల్టేజి పాయింట్లు, మిణుకుల అర్థం తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి పెట్టెలో పెట్టాలి. మూడు, మోటారు కనెక్టర్ అన్ని కంపెనీలకూ ఒకే కొలతలో ఉండేలా భారతీయ ప్రమాణాల సంస్థను రాష్ట్రం అడగాలి, అది వచ్చిన రోజు నుంచి ఆ కనెక్టర్ ఉన్నవాటినే కొనాలి. వేల ఫ్యాన్ల ఆర్డరు పోతుందంటే ఏ కంపెనీ అయినా కాగితం అచ్చువేస్తుంది. బడికిచ్చిన కాగితాన్ని ఇంటికి అమ్మే ఫ్యానులో పెట్టకుండా దాచడం ఇక కుదరదు.